సారు చేతిలో కొలబద్ద

మా సారు పోయారని పొద్దున్నే ఫోన్లో మెసేజ్ వచ్చింది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లమంతా ఉన్న గ్రూపు అది. మధ్యాహ్నానికల్లా దండం పెట్టే చేతుల బొమ్మలతో నిండిపోయింది. సాయంత్రం ఒక జూనియర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, సారు మీద సంస్మరణ సంచిక వేస్తున్నామండి. మీ అనుభవం ఓ రెండు పేరాలు రాసివ్వాలండి. మీరంటే ఆయనకి బాగా ఇష్టం కదండి."

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. గ్రూపులో రాసినవి చదువుతుంటే నాకా సామెతే గుర్తొచ్చింది. ఒకాయన "నాకు తండ్రి లాంటివారు" అని రాశాడు. ఆ ఒకాయన థీసిస్‌ని మా సారు మూడుసార్లు చింపారు. మూడోసారి చింపిన ముక్కలు ఏరుకుంటూ అతను నేలమీద కూర్చుని ఏడుస్తుంటే, అవి ఎగిరిపోకుండా ఫ్యాను ఆపింది నేనే.

సరే, రెండు పేరాలే కదా అని కూర్చున్నాను. "క్రమశిక్షణకు మారుపేరు" అని మొదలుపెట్టాను. ఆ మాట అంత తేలిగ్గా కలంలోంచి దిగినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. కాగితం నలిపి పారేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆ రెండు పేరాలు కాదు.

గోదావరి కాలువల కింద ఒక వరి పరిశోధన క్షేత్రంలో ఆయన పెద్ద సైంటిస్టు. పొట్టి మనిషి. తెల్ల చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. చెప్పులు గట్టు మీద వదిలేసి బురదలోకి దిగితే మళ్లీ ఎండ నెత్తికెక్కేదాకా పైకి వచ్చేవారు కాదు. చేతిలో ఎప్పుడూ ఒక వెదురు కొలబద్ద ఉండేది. మొక్కల ఎత్తు కొలవడానికి దాని మీద ఎర్ర రంగుతో గీతలు పెట్టి ఉండేవి. సగం గీతలు అరిగిపోయాయి. చేలో కంటే మా వీపుల మీదే ఎక్కువ అరిగాయని మేం నవ్వుకునేవాళ్లం. నవ్వుకునేవాళ్లం అని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆయన చేతుల గురించి చెప్పాలి. వరి పువ్వు ఎంతుంటుంది? వడ్లగింజంత. దాని లోపల ఆరు కేసరాలుంటాయి. రెండు రకాల్ని సంకరం చేయాలంటే తల్లి మొక్క పువ్వు కొస కత్తిరించి, సన్నటి పట్టకారుతో ఆ ఆరింటినీ పుప్పొడి రాలకుండా బయటికి తీయాలి. మేం పది పువ్వులు చేస్తే నాలుగు పాడుచేసేవాళ్లం. ఆయన చేతిలో ఒక్కటి పాడయ్యేది కాదు. ఊపిరి బిగబట్టి, పెదవులు ముందుకు చాపి, పసిపిల్ల ముక్కు తుడుస్తున్నంత జాగ్రత్తగా తీసేవారు. చూస్తుంటే ముచ్చటేసేది. తలెత్తి, "ఏరా, చూశావా?" అని పక్కనున్నవాణ్ణి అడిగేవారు. వాడు ఏ మబ్బుల వంకో చూస్తూ దొరికాడా, అదే చేత్తో చెంప పగిలేది.

ఆయనకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "ఏంటమ్మా ఇది?" అని మెల్లగా అడిగారంటే మేం తలో పక్కకు జరిగేవాళ్లం. ఆ తర్వాత వాచీ విప్పి జేబులో వేసుకునేవారు. వాచీ జేబులోకి వెళ్లిందంటే ఇక ఎవరో ఒకరికి మూడినట్టే. ఒకసారి తూకం యంత్రాన్ని ఎత్తి కిటికీకేసి కొట్టారు. ఒకసారి స్టీలు టిఫిన్ డబ్బా ఒకడి కణతకు తగిలి, సాంబారూ రక్తమూ కలిసి కాలరు దాకా కారాయి. "తుడుచుకుని వచ్చి కూర్చో, టేబుల్ మూడు తప్పు" అన్నారు. అతను తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

"వరి అబద్ధం ఆడదు. ఆడేది మీరే" అనేవారు. ఇంకో మాట కూడా తరచూ అనేవారు: "మా గైడు నాకు చదువు చెంప మీద పెట్టాడు. మీకు అరచేతిలో పెడుతున్నాను, విలువ తెలియడం లేదు."

చేలో ఎలుకలు పడితే కూలీలకు వదిలేవారు కాదు. బొరియల్లో పొగ పెట్టించి, రెండో కన్నం దగ్గర తనే కొలబద్దతో కాచుకుని కూర్చునేవారు. పొగకు ఉక్కిరిబిక్కిరై బయటికొచ్చినదాన్ని వచ్చినట్టే చితక్కొట్టేవారు. పిల్లలతో సహా. తలలు నలిగినవాటిని గట్టు మీద వరసగా పెట్టించి, మమ్మల్ని పిలిచి చూపించేవారు. "జాలి పడితే గింజ మిగలదు" అనేవారు. తర్వాత కర్రను కాలువలో కడిగి, మాకిచ్చి, పోయి మొక్కలు కొలవమనేవారు.

ఎవరినైనా కొట్టిన మర్నాడు మాత్రం ల్యాబు బల్ల మీద పూతరేకుల పెట్టె ఉండేది. ఆయన అత్తగారిది ఆత్రేయపురం. "తినండి, నేతివి" అని చెప్పి తన గదిలోకి వెళ్లిపోయేవారు. తప్పయిందనే మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె పెట్టె చూసి, "ఎవరి పుట్టినరోజండీ?" అని అడిగింది. "నిన్న ఎవరికి పడ్డాయో వాళ్లదమ్మా" అన్నాడు మాతోపాటు పీహెచ్‌డీ చేస్తున్న దావీదు. అందరం నవ్వాం. పడింది దావీదుకే.

నా మీద సారు ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. మా నాన్నకు తునిలో హోల్‌సేల్ కిరాణా కొట్టు ఉంది. సారు ఆయన్ని గారూ అండీ అని పలకరించేవారు. దావీదు వాళ్లమ్మా నాన్నా కొవ్వూరు పక్క పల్లెలో వ్యవసాయ కూలీలు. అందుకే నాకు పడాల్సిన దెబ్బలు నా కాగితాలకు పడేవి, దావీదుకు పడాల్సినవి ఒంటికే పడేవి. ఈ తేడా ఎందుకో ల్యాబులో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

ఒక్కసారి మాత్రం నాకు గట్టిగానే తగిలింది. బయటినుంచి పెద్దవాళ్లు చేను చూడటానికి వచ్చారు. సారు వాళ్లకు నాలుగో మడి అని చెబుతున్నది నిజానికి అయిదోది. "సార్, ఇది అయిదోదండీ" అన్నాను. వాళ్లున్నంతసేపూ సారు నవ్వుతూనే ఉన్నారు. వాళ్ల కారు మలుపు తిరగగానే వాచీ విప్పారు. నా చేతిలోని ఫీల్డు పుస్తకం లాక్కుని కాలువలోకి విసిరారు. అందులో రెండేళ్ల లెక్కలున్నాయి. ఆలోచించకుండా దూకాను. ఛాతీ దాకా నీళ్లు, కాళ్ల కింద మెత్తటి ఒండ్రు. కూలీల పెద్ద సూరమ్మ చున్నీ పట్టుకుని లాగకపోతే తూము దాకా కొట్టుకుపోయేదాన్ని. తడిసిన పుస్తకం గుండెకు అదుముకుని ఒగరుస్తుంటే సారు గట్టు మీదినుంచి అన్నారు:

"పెన్సిల్‌తో రాయమన్నది ఇందుకేనమ్మా. నీళ్లలో పడ్డా చెరగదు."

నిజంగానే చెరగలేదు. కానీ ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం పెన్సిల్ గురించి కాదు. సారు తప్పు మాట్లాడితే నోరు మూసుకోవాలని నేర్చుకున్నాను.

దావీదు నాకంటే ఏడాది జూనియర్. అక్కా అనేవాడు. లూథరన్ చర్చి కాయిర్లో పాడేవాడు. దుబ్బుకు ఎన్ని పిలకలున్నాయో లెక్కపెడుతూ కూడా గొంతులో కూనిరాగం తీసేవాడు. చేయి మాలో అందరికంటే నిదానం. సారు తర్వాత పువ్వు పాడుచేయకుండా సంకరం చేయగలిగింది అతనొక్కడే. అది సారుకూ తెలుసు. అయినా ఆ చేతుల చేత సారు చేయించుకున్న పనులు వేరు. గ్యాస్ బండ తేవడం, సారు అబ్బాయిని ట్యూషన్‌కి దింపడం, కరెంటాఫీసు దగ్గర వరసలో నిలబడటం. పరిశోధన నేర్పుతారని చేరితే ముందు ఇంటి పనులన్నీ వచ్చేస్తాయి మా దగ్గర.

నేను చేరిన నాలుగో ఏడాది, వరి గింజ పాలు పోసుకునే వేళకు తుఫాను కొట్టింది. మూడు రోజులు వాన, గాలి. తెరిపిచ్చాక వెళ్లి చూస్తే దావీదు మడిలో చేనంతా చాప పరిచినట్టు పడిపోయింది. ఆ పడిపోయినదాని మధ్య ఏడంటే ఏడు దుబ్బులు నిటారుగా నిలబడి ఉన్నాయి. దావీదు వాటి చుట్టూ తిరిగి తిరిగి, మొదళ్లకు నీలం దారాలు కట్టాడు.

"అక్కా, ఇవి నిలబడ్డాయంటే నా థీసిస్ నిలబడ్డట్టేనండి" అన్నాడు. ప్రతి ఏడూ కోతల ముందు చేను పడిపోయే ఈ ప్రాంతంలో ఆ ఏడు దుబ్బులంటే ఒక్క థీసిస్ కాదు, గాలికి పడిపోని పంటకు విత్తనం. కానీ ఇంకో రెండు వారాలైతే గానీ గింజ ముదరదు.

వారం తర్వాత సారు ఇంట్లో మిక్సీ పాడైంది. దావీదును రాజమండ్రి పంపారు. అదే పొద్దున కూలీలు విత్తనపు మడుల్లో కల్తీలు ఏరడానికి దిగారు. విత్తనం కోసం పెంచే మడిలో వేరుగా కనిపించిన మొక్క కల్తీ కింద లెక్క. దాన్ని వేళ్లతో సహా లాగి గట్టు మీద పారేస్తారు. ప్రయోగపు మడిలో అచ్చంగా దీనికి తలకిందులు. అక్కడ వేరుగా కనిపించిన మొక్క కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూస్తాం. ఏది ఏ మడో చెప్పే బోర్డులు తుఫానుకు కొట్టుకుపోయాయి.

సూరమ్మ విత్తనపు మడి చివరికొచ్చి, గట్టు మీద ఆగి కేకేసింది.

"ఈ పక్క మడి కూడానాండీ, బాబుగోరూ?"

సారు అవతలి గట్టు మీదున్నారు. కొలబద్ద ఊపారు. "చూస్తావేం? నిలబడి వేరుగా కనబడ్డవన్నీ లాగి పారెయ్!"

నేను వాళ్లిద్దరికీ మధ్య గట్టు మీద పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను. అది దావీదు మడి అని నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా. సారు చెయ్యి వాచీ మీదికి వెళ్లింది. దురదకో, చెమట తుడుచుకోవడానికో నాకు తెలియదు. నేను నోరు మూసుకున్నాను. అంత పెద్దాయనకు తెలియదా అని సర్దిచెప్పుకున్నాను. ఏడు దుబ్బులు లాగడానికి సూరమ్మకు రెండు నిమిషాలు పట్టింది. నీలం దారాలు ఆకుల కింద ఆమెకు కనపడలేదు.

మధ్యాహ్నం దావీదు వచ్చేసరికి అవి ఎండలో వడలిపోయి ఉన్నాయి. ఒళ్లో మిక్సీ పెట్టుకుని బస్సులో వచ్చాడు. దాన్ని జాగ్రత్తగా గట్టు మీద దించాడు. బురదలో మోకాళ్ల మీద కూర్చుని, ఆ దుబ్బుల్ని ఒక్కొక్కటే మళ్లీ మట్టిలోకి గుచ్చడం మొదలుపెట్టాడు. ఆ దశలో పీకిన వరి మళ్లీ నాటుకోదని, పాలు మీదున్న గింజ మొలవదని మా అందరికంటే అతనికే బాగా తెలుసు. అయినా గుచ్చుతున్నాడు. పెట్టింది పెట్టినట్టే వాలిపోతోంది.

సారు వచ్చారు. దారాలు చూశారు. మొహంలో రక్తం లేదు. వాచీ విప్పారు.

"నీ మడికి బోర్డు పెట్టుకోవడం చేతకాదా? ఎక్కడ చచ్చావు పొద్దుణ్ణుంచి?"

"మీరే పంపారు కదండీ, మిక్సీకి."

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది మెడ మీద. దావీదు లేవబోయి జారి బురదలో పడ్డాడు, పడినవాణ్ణి పడినట్టే కొట్టారు. సూరమ్మ అడ్డం వచ్చింది.

"సాలండి బాబూ, సచ్చిపోతాడు! ఆ పిల్లోడేం చేశాడండీ? మీరే గదండీ లాగెయ్యమంది!"

సారు ఆగి ఆమె వంక చూశారు. తప్పు ఎవరిదో ఆయనకు ఆ క్షణంలో పూర్తిగా తెలుసు. నేను ఆ కళ్లు చూశాను. తెలిసింది గనకే తర్వాతి దెబ్బ అన్నిటికంటే బలంగా పడింది. దావీదు తల కాచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. కొలబద్ద చీలిందనుకున్నాను. చీలింది కూడా. కానీ చప్పుడు దానిది కాదు.

ఆటోలో నేనే రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లాను. తడి తువ్వాల్లో చెయ్యి చుట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నాడు. వంతెన మీదికి ఎక్కాక అడిగాడు.

"అక్కా, మీరు చూశారు కదండీ?"

"చూశాను" అన్నాను.

చూపుడువేలు, మధ్యవేలు విరిగాయి. పట్టకారు పట్టుకునే వేళ్లు అవే.

దావీదు ఫిర్యాదు రాసిచ్చాడు. విచారణకు ముగ్గురు వచ్చారు. కూలీల్ని ఎందుకులే అని సూరమ్మను పిలవలేదు. సాక్ష్యానికి నేనొక్కదాన్నే మిగిలాను. అప్పటికి థీసిస్‌కు ముందు ఇవ్వాల్సిన నా సినాప్సిస్ సారు సంతకం కోసం ఆయన బల్ల మీద ఉంది. దాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు. ఇలా చెప్పు, అలా చెప్పకు అని కబురూ పంపలేదు. అది మాత్రం ఆయనకు అన్యాయం జరగకుండా రాయాలి.

"దెబ్బ ఎలా తగిలిందో మీరు చూశారామ్మా?" అని ఆ ముగ్గురిలో పెద్దాయన అడిగారు.

"గట్టు తడిగా ఉందండి. జారి పడ్డాడండి" అన్నాను.

"కర్రతో కొట్టారంటున్నాడే?"

"లేదండి."

పట్టుమని పది మాటలు కూడా లేవు. నా గొంతు తడబడలేదు. సారు దగ్గర నాలుగేళ్లు నేర్చుకున్నదాన్ని, ఎందుకు తడబడుతుంది? బయటికొస్తే, తెరిచిన కిటికీ కింద బెంచీ మీద దావీదు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడలేదు.

తప్పుడు ఫిర్యాదు చేశాడని దావీదు రిజిస్ట్రేషన్ రద్దు చేశారు. నా సినాప్సిస్ మీద ఆ సాయంత్రమే సంతకం పడింది. మర్నాడు పూతరేకుల పెట్టె ల్యాబు బల్ల మీద కాకుండా నా బల్ల మీద ఉంది. గొంతు దిగలేదని రాస్తే బావుంటుంది. దిగింది. రెండోది కూడా తిన్నాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక సెమినార్లో కనిపించినప్పుడు సారు నా భుజం తట్టి పక్కవాళ్లకు చూపించారు. "ఈ అమ్మాయిని నేనే తయారుచేశాను" అన్నారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు స్కాలర్లున్నారు. నేను ఎవరినీ కొట్టను, కాగితాలు చింపను. అయినా నేను తప్పు లెక్క చెబితే ఇద్దరూ తల ఊపుతారు. మొన్న కావాలని తప్పు చెప్పి చూశాను. ఊపారు.

సంచిక కోసం రాసిన కాగితం నలిపేసిన మర్నాడు కడియం వెళ్లాను. దావీదుకు అక్కడ చిన్న నర్సరీ ఉంది. మామిడి అంట్లు కడుతున్నాడు. ఆ రెండు వేళ్లు కొసల దగ్గర పక్కకు తిరిగి ఉన్నాయి. నన్ను చూసి లేచి, కుర్చీ వేసి, మంచినీళ్లు తెప్పించాడు.

"సారు పోయారు" అన్నాను.

"తెలిసిందండి."

"నువ్వంటే ఆయనకి..." అని మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. అతను అంటు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ చుడుతూనే ఉన్నాడు. సంచిక సంగతి చెప్పాను. ఈసారి నిజం రాస్తానని, సారు నిన్ను కొట్టారని రాస్తానని చెప్పాను.

"దేనికండీ? ఆయన విరగ్గొట్టింది రెండు వేళ్లు. వంకరపోయినా పని చేస్తున్నాయి కదా. ఆయన మీద కోపం నాకు ఎప్పుడో పోయింది" అన్నాడు. పట్టీ కొస ముడేసి అడిగాడు. "అలా చెప్పమని ఆయన మిమ్మల్ని అడిగారా అక్కా?"

"లేదు."

"నేనూ అదే అనుకున్నానండి. ఆయన అడిగుంటారు, బెదిరించుంటారు అని మా ఆవిడ అంటుంది. ఆవిడకి మీరు తెలీదు కదా."

ఏడుపొచ్చింది. అతని ముందు ఏడిస్తే అదో ఓదార్పు పని అతని నెత్తిన పడుతుందని ఆపుకున్నాను.

"పోయినాయన కొట్టాడని రాయడానికి ఇప్పుడు ధైర్యమేం కావాలండీ?" అన్నాడు, నా వైపు చూడకుండానే. "ఆయన సంగతి రాసి ఊరుకోకండి. కమిటీకి మీరేం చెప్పారో అది రాయండి. మీ పేరు పెట్టి రాయండి."

రాస్తున్నాను. సంచికవాళ్లు వేసుకుంటారో మానేస్తారో వాళ్లిష్టం. దీని ఇంకో కాపీ, కింద నా పేరూ ఉద్యోగమూ రాసి సంతకం పెట్టి, విచారణ వేసిన ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. నా డిగ్రీ వెనక్కి అడిగితే ఇచ్చేస్తాను.

ఆ రోజు గట్టు తడిగానే ఉంది. బురదలో దావీదు జారి పడిన మాటా నిజమే, దెబ్బలు తప్పించుకోబోయి. వేళ్లు విరిగింది మాత్రం అలా కాదు. సారు కొట్టారు. నేను పది అడుగుల దూరంలో నిలబడి చూశాను.